మెడ మీద అంకెలు

వేళ్ళకి బూటు పాలిష్ వాసన ఇంకా వదల్లేదు. రెండుసార్లు సబ్బుతో కడిగింది, తెల్ల గ్లవ్స్ తొడుక్కుంది, అయినా చెయ్యి మొహం దగ్గరికి వచ్చినప్పుడల్లా అదే వాసన, తోలూ మైనమూ కలిసిన గోధుమరంగు వాసన. పది గంటల నలభై రెండు నిమిషాలకి తన వంతు. ఇప్పుడు తొమ్మిదీ యాభై అయిదు. ఈ నలభై ఏడు నిమిషాలూ ఎవరూ తన గుర్రం లాంతరుకి కుడిపక్క వచ్చి నిలబడకుండా ఉంటే చాలు అనుకుంది నాడీన్. నేర్పిన అడుగులు జడ్జి ముందు వేసి చూపించే డ్రెసాజ్ పోటీకి వచ్చే గుర్రానికి జూలు చిన్న చిన్న ముడులుగా అల్లి దారంతో కుట్టాలి, లేకపోతే యజమానికి శ్రద్ధ లేదంటారు. కుడితే మెడ బోసిపోతుంది. మెడ బోసిపోతే, లాంతరు జూలు కింద పదమూడేళ్ళుగా దాక్కున్న అయిదు తెల్ల గుర్తులు, ఒక అక్షరం, నాలుగు అంకెలు, బయటపడతాయి. ముదురు గోధుమరంగు వెంట్రుకల మీద సుద్దముక్కతో రాసినంత తెల్లగా. ఒహాయోలో గుర్రాల వాళ్ళెవరికైనా ఆ అంకెలు చదవక్కర్లేదు, ఉన్నాయని తెలిస్తే చాలు. స్టాండర్డ్‌బ్రెడ్. రెండు చక్రాల బండి కట్టి పరుగెత్తించే జాతి. పందెం అయ్యాక కార్లు వాడని ఆమిష్ వాళ్ళ బగ్గీకి, ఆ తర్వాత ఎక్కడికో, ఎక్కడికో అన్న మాట తర్వాత ఎవరూ వాక్యం పూర్తిచెయ్యరు. అందుకే పొద్దున్న ఆరింటికి, ట్రెయిలర్ చాటున, తన బూట్లకి రాయాల్సిన పాలిష్ పాత టూత్‌బ్రష్‌తో వాడి మెడకి రాసింది. వాడు కళ్ళు సగం మూసుకుని నిలబడ్డాడు. వాడికి అక్కడ రుద్దితే ఇష్టం. అది ఇంకా బాధ.

జీను ఎక్కింది. సన్నాహం చేసే మైదానంలోకి వాణ్ణి నడిపించింది. నాడీన్‌కి తెలుసు, భయం ఉండేది గుండెలో కాదు, చేతుల్లో. పంతొమ్మిదేళ్ళుగా దంతవైద్యుడి దగ్గర పళ్ళు శుభ్రం చేసే పని. పేషెంట్ల మొహాలు చూడటం ఎప్పుడో మానేసింది, చేతులు చూస్తుంది. నవ్వుతూనే ఉంటారు, వాతావరణం గురించి మాట్లాడుతూనే ఉంటారు, చేతులు మాత్రం కుర్చీ పట్టెల్ని పట్టుకుని తెల్లబడిపోయి ఉంటాయి. వదులు చెయ్యండి అంటుంది, ఒక్కసారి వేళ్ళు వదులు చెయ్యండి, నొప్పి సగం తగ్గుతుంది. ఆ మాట ఇప్పుడు తనకెవరు చెప్పాలి? పగ్గాలు పట్టుకున్న తన వేళ్ళ వంక చూసుకుంది. తెల్ల గ్లవ్స్‌లో తెల్లబడ్డాయో లేదో తెలియదు. లాంతరుకి తెలుసు. వాడి చెవి ఒకటి వెనక్కి తిరిగింది. వేరే గుర్రానికైతే పగ్గం లాగితే ఆగమని అర్థం. వీడికి కాదు. వీడికి రెండేళ్ళ వయసు నుంచి నేర్పిన పాఠం వేరు: బండి మీద మనిషి పగ్గాలు బిగించి ఆనుకుంటే అది పరుగెత్తమని. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత వేగం. నువ్వు భయపడి పట్టుకుంటావు, వాడు నీ భయాన్ని ఆజ్ఞ అనుకుంటాడు. ఆరేళ్ళు పట్టింది ఆ పాఠం మరిపించడానికి. మరిచాడా? మనిషికి చిన్నప్పుడు నేర్పింది మరుపుకొస్తుందా? పైన కొత్తది రాసుకుంటాం, అంతే, బూటు పాలిష్ లాగా.

అరవై రావాలి. నూటికి అరవై. అయిదు రోజుల క్రితం, లాంతరు అద్దెకుండే శాలలో, దాని యజమానురాలు కోరిన్ కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని ఎంత మృదువుగా చెప్పిందో. "నాడీన్, నీ గుర్రం మంచివాడే, ఎవరు కాదన్నారు? కానీ ఒకటో తారీఖుకి జర్మనీ నుంచి రెండు గుర్రాలు దిగుతున్నాయి. నాకున్న గదులు పన్నెండు. అరవై తెచ్చుకున్నాడనుకో, ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నాకో మాట ఉంటుంది. రాలేదనుకో, వాడికి తగిన చోటు వేరే ఉంటుంది కదా!" వాడికి తగిన చోటు. నాన్న పందెపు శాల అమ్మేసి నాలుగేళ్ళయింది, అక్కడ ఇప్పుడు సామాన్లు దాచుకునే ఇనప షెడ్లు. తనది రెండు గదుల అద్దె వాటా. కోరిన్ శాలలో ఆ గది పోతే లాంతరుకి చోటు లేదు, అంతే, ఇందులో అర్థం కాకపోవడానికేమీ లేదు. మరి నిరుడు ఇదే మైదానంలో, ఇదే జడ్జి మిసెస్ హాల్వర్సన్ ముందు, కాగితం మీద జాతి అన్నచోట నిజం రాసినందుకు యాభై నాలుగు వచ్చింది. కింద చక్కని దస్తూరీతో ఒక వాక్యం: నిజాయితీగా ప్రయత్నించే గుర్రం, ఈ పనికి పుట్టింది కాదు. ఆ వాక్యం నాడీన్‌కి నోటికి వచ్చు. పళ్ళు తోముతున్నప్పుడు వస్తుంది, ఎర్రదీపం దగ్గర కారు ఆపినప్పుడు వస్తుంది. ఈసారి కోరిన్ భుజం మీద చెయ్యి వేసి, "అబద్ధం రాయమనట్లేదమ్మా. ఆ గడి ఖాళీగా వదిలెయ్, అంతే" అంది. ఖాళీగా వదిలేసింది. పేరు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది, లాంతరు అన్నది పందెపు కాగితాల్లో ఉన్న పేరు, ఎవరైనా వెతికితే దొరుకుతుంది. ఫాల్కో అని రాసింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పేరు, ఏదో జర్మన్ గుర్రానిది. ఒక గడి ఖాళీ, ఒక పేరు కొత్తది, ఒక డబ్బా పాలిష్. అబద్ధం అంటే ఒక్కసారి ఆడేది అనుకుంటాం, కాదు, దాన్ని మేపాలి, గుర్రాన్ని మేపినట్టు.

వాడు తల తిప్పాడు. దూరంగా, కంచె అవతల, అర మైలు చుట్టు ఉన్న పాత పందెపు దారి. మధ్యలో కలుపు మొలిచింది, మెట్ల వరసల మీద రంగు పెచ్చులూడింది, అయినా వంపు మాత్రం అదే వంపు. ఈ సంతమైదానాన్ని డ్రెసాజ్ వాళ్ళు రెండేళ్ళ క్రితం తీసుకున్నారు. పందెపు దారి మధ్యనున్న గడ్డిలోనే ఇసుక పోసి, చుట్టూ తెల్ల కంచె వేసి, ఎక్కడ తిరగాలో చెప్పే అక్షరాల పలకలు నిలబెట్టారు. లాంతరు ఈ వంపు మీద ఎన్నిసార్లు తిరిగాడో నాన్నకి తెలుసు. నాన్న. నాన్న ఇవాళ వస్తానన్నాడు. ఆరేళ్ళలో ఒక్క పోటీకీ రాని మనిషి, తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత రోడ్డు దాటడానికే విసుక్కునే మనిషి, నిన్న ఫోన్ చేసి, "మావాడు పాత చోటికే వెళ్తున్నాడటగా, చూసిపోతా" అన్నాడు. వద్దనలేకపోయింది. ఎండగా ఉంటుంది నాన్నా అంది. ఎండలోనే పుట్టాను అన్నాడు. జడ్జి చూస్తే మార్కులు పోతాయి. నాన్న చూస్తే? ఏం పోతుందో ఆమెకి పేరు తెలియదు. ఆ అంకెలు వేసిన రోజు వాడి మూతి పట్టుకుని నిలబడింది నాన్నే. వాడప్పుడు ఆరు నెలల గుర్రప్పిల్ల. పొగలు కక్కే చలి ద్రవంలో ఇనపముద్ర ముంచి, మెడ మీద ఆనించి, పందెపు గుర్రాల సంఘం మనిషి లెక్కపెడుతున్నాడు. ఆమె మధ్యాహ్నం భోజనం తీసుకువెళ్ళి, శాండ్‌విచ్‌ల పొట్లం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న వాడి చెవిలో ఏదో చెబుతున్నాడు, ఏం చెప్పాడో ఇప్పటికీ తెలియదు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "కాలదమ్మా, చలికి రంగు చచ్చిపోతుంది, అంతే. అక్కడ ఇక తెల్లవెంట్రుకే మొలుస్తుంది. ఇప్పుడు వీడెక్కడికి పోయినా ఎవరివాడో తెలుస్తుంది" అన్నాడు. ఎవరివాడో తెలుస్తుంది.

"నాడీన్! భుజాలు! భుజాలు చెవుల్లోకి వెళ్ళిపోతున్నాయి!" కంచె దగ్గర నుంచి కోరిన్. నాడీన్ భుజాలు దించింది. లాంతరు ట్రాట్ అందుకున్నాడు, ఎదురెదురు మూలల కాళ్ళు జతగా, ఒకటి రెండు, ఒకటి రెండు, చక్కగా, కుట్టుమిషన్ లాగా, వాడి వీపు కింద నుంచి పైకి లేచింది, ఇది నిజం, ఇది పాలిష్ కాదు, ఈ వీపు వాడు సంపాదించుకున్నది. ఒక్క క్షణం భయం మరిచింది. ఆ క్షణంలోనే నీళ్ళ ట్రక్కు వచ్చింది. దుమ్ము అణచడానికి మైదానం అంచున నీళ్ళు చల్లుకుంటూ, వెనక రెండు పక్కలా పొడుగాటి గొట్టాలు చాచుకుని, నెమ్మదిగా, వాడి ముందు నుంచి. అయ్యో అనుకుంది, అయ్యో దేవుడా, రెక్కలు. పందెం మొదలయ్యేది అలాగే: రెండు రెక్కలు చాచిన కారు ముందు నడుస్తుంది, గుర్రాలు ఆ రెక్కలకి ముక్కులు ఆనించి వెంట పరుగెడతాయి, కారు వేగం పెరుగుతుంది, రెక్కలు ముడుచుకుంటాయి, ఇక పందెమే. లాంతరు తల ఎత్తాడు. వాడి మెడ ఒక్కసారిగా గట్టిపడి పలకయింది. ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. వద్దు అని ఆమె చేతులు అన్నది వాడికి పద అని వినిపించింది, కాళ్ళు మారిపోయాయి, కుడివైపు రెండూ ఒకేసారి, ఎడమవైపు రెండూ ఒకేసారి, ఒంటె నడిచినట్టు, పడవ ఊగినట్టు, అదే, వాడి పుట్టు నడక, పందెపు పేస్, పట్టుకున్నకొద్దీ ఇంకా వేగంగా, ట్రక్కు వెంట, ఇంకా పట్టుకుంది, ఇంకా వేగం, పక్క నుంచి ఎవరిదో బూడిదరంగు గుర్రం బెదిరి తప్పుకుంది, దాని మీద ఆడమనిషి నవ్వుతూ అరిచింది, "ఏమండోయ్, బండి ఎక్కడ పారేసుకున్నారు?"

బండి ఎక్కడ పారేసుకున్నారు. ముప్పై రెండేళ్ళ కిందటి మాట. పదకొండేళ్ళ పిల్ల, నాన్న శాలలో ముసలి పందెపు ఆడగుర్రం, పిల్లల గుర్రపు స్వారీ క్లబ్బు, కొత్త నీలం కోటు. పాఠం చెప్పే ఆవిడ అందరి ముందూ అదే మాట అంది, బండి ఎక్కడ వదిలేశావు పాపా. అందరూ నవ్వారు. నాడీన్ తిరిగి చూసింది, నాన్న ట్రక్కుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఆయనా నవ్వుతున్నాడు. ఆ నవ్వు. క్లబ్బు పిల్లల్ని ఎప్పుడో క్షమించింది, పాఠం చెప్పినావిడ పేరు కూడా గుర్తులేదు, నాన్న నవ్వుని మాత్రం ఎక్కడో పెట్టి తాళం వేసింది. ఆ క్లబ్బుకి మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు, ఊగుతున్న వీపు మీద, గాలి చెవుల్లో కొడుతుంటే, ఆ బొమ్మలో ఎప్పుడూ చూడనిది ఒకటి కనిపించింది, నాన్న మొహం కాదు, చేతులు. ట్రక్కు తలుపు అంచుని పట్టుకుని ఉన్నాయి. కణుపులు తెల్లబడి. పంతొమ్మిదేళ్ళ నుంచి రోజుకి పదిమంది చేతులు చూస్తూ, ఆ రెండు చేతులు ఎందుకు చూడలేదు తను?

వేళ్ళు వాటంతట అవే విడిపోయాయి. పగ్గాలు జారి వేలాడాయి. ఇది పిచ్చిపని, పరుగెత్తే గుర్రం మీద పగ్గాలు వదిలెయ్యడం, ఎవరైనా తిడతారు. లాంతరు ఎనిమిది అడుగులు వేశాడు, పది వేశాడు, ఆనుకోవడానికి ఏమీ దొరక్క, వేగం తగ్గించి, నడకలోకి దిగి, ముక్కు నేల వైపు చాచి బుస్సుమన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు, వెక్కిరింపో మెచ్చుకోలో తెలియలేదు. వాడి మెడంతా చెమట. నాడీన్ కిందికి చూసింది. కుడి పక్క, కింది ముడుల నుంచి భుజం దాకా, గోధుమరంగు చారలు రెండు సన్నగా కారుతున్నాయి. తెల్ల జీనుగుడ్డ అంచున ఒక చుక్క. అక్షరం కనిపించట్లేదు ఇంకా, చివరి రెండు అంకెలు మబ్బులో చంద్రుడిలాగా. ఇంకా పదకొండు నిమిషాలు. మైకులో పేరు చదివారు, "సిద్ధంగా ఉండండి, నూట పదిహేడు, ఫాల్కో, నాడీన్ హోస్కీ." ట్రెయిలర్ల చాటుకి తిప్పింది. గుడ్డ, గుడ్డ ఎక్కడ, పాలిష్ కారులో ఉంది, కారు అటు చివర, దిగితే మళ్ళీ ఎక్కించేదెవరు?

"అమ్మాయ్."

ఎర్ర టోపీ, చేతికర్ర, పందెపు రోజుల నాటి రంగు వెలిసిన జాకెట్టు. నాన్న, సరిగ్గా కుడిపక్కన.

"అక్కడే మెట్ల మీద కూర్చున్నా, లాంతరు అని పిలుస్తారు కదా, అప్పుడు లేద్దామని. ఎవరో ఫాల్కో అట, ఎవరా వెధవ అనుకున్నా. తర్వాత నీ పేరు చదివారు." ఊపిరి తీసుకున్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. చూపు మెడ మీదికి వెళ్ళింది, చారల వెంట కిందికి దిగింది, జీనుగుడ్డ మీది చుక్క దగ్గర ఆగింది. నాడీన్ ఏదో చెప్పబోయింది, గది అనబోయింది, కోరిన్ అనబోయింది, అరవై అనబోయింది. పదకొండేళ్ళ పిల్ల నీలం కోటులో బిగుసుకుని కూర్చుంది.

నాన్న చూపుడువేలితో ఒక చార ముట్టుకుని వాసన చూశాడు. "బూటు పాలిషా?"

"అవును నాన్నా."

"బూటు పాలిష్ చెమటకి నిలవదే పిచ్చిదానా. తోలుపట్టీలకి వేసే నల్ల మైనం ఉండాలి. ముందే అడిగితే తెచ్చేవాణ్ణిగా." జేబులోంచి గళ్ళ రుమాలు తీశాడు, కొస నాలికతో తడిపాడు, కారిన చారలు రెండూ తుడిచాడు, జీనుగుడ్డ మీది చుక్క తుడిచాడు, భుజం తుడిచాడు. తర్వాత రుమాలుకంటిన పాలిష్‌నే మళ్ళీ అంకెల మీద అద్దాడు, ఒక్కొక్కటీ, శ్రద్ధగా, పసిబిడ్డకి మందు రాసినట్టు. తను కొట్టించిన అంకెలు తనే కప్పుతున్నాడు. లాంతరు కళ్ళు సగం మూశాడు. నాడీన్ చూడలేక చూసింది. "ఇంకో పావుగంట నిలుస్తుంది. అక్కడ చెయ్యి మాత్రం పెట్టకు. చెయ్యి పెట్టావో, ఊడొస్తుంది" అన్నాడు. కర్ర సర్దుకున్నాడు. "పగ్గం పట్టుకోకు. వాడికి తెలుసు." ఆ తర్వాత నవ్వాడు. అదే నవ్వు. నాడీన్ ఈసారి చేతులు చూసింది, కర్ర పిడిని పట్టుకుని, కణుపులు తెల్లబడి.

గంట మోగింది. తెల్ల కంచె తెరుచుకుంది. ఆ చివర చిన్న గుడారం కింద మిసెస్ హాల్వర్సన్, పక్కన మార్కులు రాసే అమ్మాయి. నడిమి గీత మీద వాణ్ణి తిన్నగా నడిపించడం, ఆపడం, నమస్కారం. ఆపాలంటే వదలాలి. వదిలింది. ఆగాడు, నాలుగు కాళ్ళూ చతురస్రంగా. ఆ తర్వాత అయిదు నిమిషాలు నాడీన్‌కి ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఇసుక మీద డెక్కల చప్పుడు, వాడి చెవులు, పలకల మీది అక్షరాలు ఎదురొచ్చి వెనక్కి పోవడం, వంపు తిరిగినప్పుడల్లా కంచె అవతల ఎర్ర టోపీ. ప్రతి మూలలోనూ భయం కూర్చుని ఉంది, ఇక్కడ ఒంటె నడక వస్తుంది, ఇక్కడ చుక్క కారుతుంది, ఇక్కడ ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటుంది. ప్రతి మూలలోనూ వేళ్ళు బిగుసుకోబోయాయి, ప్రతిసారీ కర్ర పిడి మీది కణుపులు గుర్తొచ్చాయి, వేళ్ళు తెరుచుకున్నాయి. కాంటర్ తీశాడు, మూడు అడుగుల లయతో దూకే పరుగు. పందెంలో ఆ అడుగు వేస్తే తప్పు, వెనక్కి లాగి దండిస్తారు. ఆరేళ్ళ క్రితం వాడు మొదటిసారి కాంటర్ తీసినప్పుడు దెబ్బ పడుతుందని చెవులు పడేసుకున్నాడు. ఇప్పుడు చెవులు ముందుకే ఉన్నాయి. అరవై, అనుకుంది, అరవై వచ్చేసింది, ఇంకేం పాడు చెయ్యకు, గది దక్కింది, ఊపిరి పీల్చుకోకు ఇంకా.

చివరి సారి నడిమి గీత. ఆగాడు. పగ్గాలు ఎడమచేతికి మార్చి, కుడిచెయ్యి కిందికి వదిలి, తల వంచింది. మిసెస్ హాల్వర్సన్ కూడా తల వంచింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. ఆవిడ రాయాల్సింది ఇంకా ఉంది. గుర్రం మొత్తంగా ఎలా ఉందో, చివరి మార్కులూ, కింద ఒక వాక్యమూ, ఇప్పుడే రాస్తారు, గుర్రం ముందు నిలబడి ఉండగా. పోటీ ముగిసిన ప్రతివాళ్ళూ గుర్రం మెడ తడతారు, అలవాటు. ఎడమపక్క తట్టు, అనుకుంది. ఎడమపక్క ఏమీ లేదు. కుడిచెయ్యి తొడ పక్కన వేలాడుతోంది. దానికి భయం వేస్తోంది. దానికి, తనకి కాదు, వేళ్ళకి. వాడు ఎదురుచూస్తున్నాడు. పని బాగా చేసినప్పుడల్లా నాన్న ఎక్కడ రుద్దేవాడో అక్కడ రుద్దుతారని ఎదురుచూస్తూ, కుడిచెవి కొంచెం వెనక్కి పెట్టాడు. కంచె దగ్గర ఎర్ర టోపీ కదలట్లేదు. ఆయన పక్కన కోరిన్.

చెయ్యి వాడి మెడ మీద పడింది. తట్టలేదు, రుద్దింది. అరచేయి నిండా, పైనుంచి కిందికి, చెమటా మైనమూ కలిసి జారుతుంటే, గట్టిగా, ఇంకా గట్టిగా. గ్లవ్ గోధుమరంగయింది. ముందు ఒక అంకె వచ్చింది, తర్వాత పక్కది, తర్వాత అక్షరం. లాంతరు మెడ చాచి, పైపెదవి ఊపుతూ, సిగ్గులేకుండా ఆనందించాడు. మిసెస్ హాల్వర్సన్ కళ్ళజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఏమిటమ్మా అది, మెడ మీద?"

"వాడి నంబర్ అండీ." తన గొంతు తనకే సన్నగా, పదకొండేళ్ళ పిల్ల గొంతులాగా వినిపించింది. "కాగితంలో పేరు తప్పు పడింది. కాదు, తప్పు రాశాను. లాంతరు. వాడి పేరు లాంతరు. ఈ మైదానంలోనే పరుగెత్తాడు."

ఆవిడ తల దించి, పక్కనున్న అమ్మాయి చేతిలోంచి కాగితమూ కలమూ తనే తీసుకుంది. రాయడం మొదలుపెట్టింది. నాడీన్ పగ్గాలు పూర్తిగా వదిలేసింది, వాడు బయటికి దారి తీశాడు, వదులు పగ్గాల మీద, హాయిగా, కుడివైపు రెండూ, ఎడమవైపు రెండూ, పడవలాగా ఊగుకుంటూ, అందరూ చూస్తుండగానే. సరిచెయ్యలేదు. భయం పోలేదు, దవడలో ఉంది, మోకాళ్ళలో ఉంది, ఒకటో తారీఖులో ఉంది. గేటు దగ్గర కోరిన్ ఫోన్ చూసుకుంటూ పక్కకి జరిగింది. వెనక గుడారంలో కలం ఇంకా కదులుతూనే ఉంది.

నాన్న వచ్చి కళ్ళెం పట్టుకున్నాడు. వాడి మెడ చూశాడు, ఆమె గ్లవ్ చూశాడు.

"చెయ్యి పెట్టొద్దన్నానుగా" అన్నాడు.

అని, కర్రని కంచెకి ఆనించి, రుమాలు తీసి, శుభ్రంగా ఉన్న కొస వెతికి తడిపి, ఇంకా పాలిష్ కిందే మిగిలిన ఆ రెండు అంకెలూ తుడవసాగాడు.